నెమలి గొంతు

ఆ ఎండాకాలం దాకా మా ఇంటిల్లిపాదీ ఒక నెమలి మీద బతికాం.

నెమలంటే నిజం నెమలి కాదు, పాటల మనిషి. ఊరూరా పోస్టర్ల మీద గాయకుడనే రాసేవాళ్ళు. తెర వెనక పనిచేసే మేం మాత్రం ఆ మాట చదివి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం. ఒక్క ప్రదర్శనలో పదకొండుసార్లు బట్టలు మార్చేవాడు. ఈకల కోటు, అద్దాల పంట్లాం, మోకాళ్ళ దాకా ఎత్తుమడమల బూట్లు, కళ్ళకి రంగు, జుట్టుకి మెరుపు పొడి. ఒక పాటకి పైనుంచి ఉయ్యాల మీద దిగేవాడు, ఇంకో పాటకి పొగలోంచి పైకి లేచేవాడు. "నెమలి ఆట చూడాలి గానీ కూత వినకూడదు" అని మా ఆయన ఒకసారి అన్నాడు. ఆ రోజు నుంచి మా ముఠాలో అతనికి అదే పేరు.

మా ఆయన సౌండు మనిషి. హాలు చివర బోర్డు ముందు కూర్చుని రికార్డు పాట వదిలేవాడు, స్టేజీ మీద నెమలి పెదాలు ఆడించేవాడు. పాటకీ పాటకీ మధ్య "ఎలా ఉన్నారు నా బంగారాలూ" అని జనాన్ని పలకరించేటప్పుడు మాత్రం మైకు తెరిచి, పలకరింపు అయిపోగానే మూసేసేవాడు.

"ఆరేళ్ళు! పాట నడుస్తుండగా ఒక్కసారి కూడా ఆ మైకు తెరవలేదు. తెరిస్తే ఆ పూటే దుకాణం కట్టేయాలి," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. రికార్డులో ఉన్న గొంతు కూడా మిషన్లో వేసి సాపు చేసిందేనని ఆయన నమ్మకం.

మా మరిది స్టేజీ కట్టే ముఠాలో ఉండేవాడు. నేను నెమలి బట్టలు కుట్టేదాన్ని. అత్తయ్య ఇంట్లో కూర్చుని నేను తెచ్చిన గుడ్డలకి చమ్కీలు, పూసలు కుట్టిపెట్టేది. కంటిచూపు తగ్గినా వేళ్ళకి చూపుంది ఆవిడకి. "ఈ వయసులో నాకు తళుకుల పని ఏమిటర్రా," అని విసుక్కుంటూనే ఒక్క పూస వంకర పోనిచ్చేది కాదు.

నాకు మాత్రం ఒక సంగతి తెలుసు. అది ఎవరో చెప్పగా తెలిసింది కాదు, కొలత టేపు చెప్పింది.

ఛాతీ కొలిచేటప్పుడు ఊపిరి వదలమని ఒకసారి, పీల్చమని ఒకసారి కొలుస్తాం. మామూలు మనిషికి రెండంగుళాల తేడా వస్తుంది. కండలు పెంచినవాళ్ళకి మూడు రావచ్చు. నెమలికి ఐదు. నా టేపే సాగిపోయిందనుకుని ఇంకోటి తెచ్చాను. అదీ ఐదే అంది. అతని ఛాతీ ముందుకి పొంగేది కాదు. వీపు కింది ఎముకలు తలుపు రెక్కల్లా పక్కలకి తెరుచుకునేవి. అందుకే అతని కోట్లన్నిటికీ చంకల కింద, పైకి కనపడకుండా, సాగే గుడ్డముక్క వేసేదాన్ని. వేయకపోతే హుక్కులు ఊడొచ్చేవి. ఉత్త పెదాలు ఆడించేవాడికి ఇంత ఊపిరి దేనికి?

జవాబు ఆ ఎండాకాలానికి రెండేళ్ళ ముందు ఒక మధ్యాహ్నం దొరికింది. ఈకల కోటు సరిచూస్తున్నాను. చేతులు రెండూ చాపి నిలబడి, కిటికీలోంచి ఎటో చూస్తూ కూనిరాగం తీస్తున్నాడు. తీస్తూ తీస్తూ నేనున్న సంగతి మరిచినట్టున్నాడు, నోరు తెరిచి ఒక స్వరం మీద నిలబడ్డాడు. గట్టిగా కాదు. నా అరచేతి కింద అతని పక్కటెముకలు తేనెపట్టులా ఝుమ్మన్నాయి. నా నోటి నిండా గుండుసూదులు. నోరు తెరిచి ఆశ్చర్యపోవడానిక్కూడా వీల్లేకపోయింది.

పాట ఆపి నావైపు చూశాడు. సిగ్గుపడ్డాడు. అద్దాల పంట్లాం వేసుకుని వేలమంది ముందు గంతులేసేవాడు, ఒక్క స్వరం విన్నందుకు నా ముందు సిగ్గుపడ్డాడు.

"ఎవరితో అనకక్కా. ఒక్క పాటైనా మైకు తెరిచి పాడనివ్వమని ఏటా అడుగుతున్నా. రికార్డులో ఉన్నట్టు లేకపోతే జనం గోల చేస్తారంటాడు మేనేజరు. పదేళ్ళయింది."

నేను ఎవరితోనూ అనలేదు. అతను వద్దన్నాడని కాదు. మా ఇంట్లో బీరువా అత్తయ్యది, మంచం మా ఆయనది, రేడియో మా మరిదిది. నాదంటూ చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ స్వరం ఒక్కటే నాది అనిపించేది.

ఆ ఏడు మేనేజరు వరసబెట్టి ఊళ్ళు ఒప్పుకున్నాడు. ఒక ఊళ్ళో స్టేజీ విప్పడం, లారీలెక్కడం, ఇంకో ఊళ్ళో దిగి కట్టడం. నిద్రంతా లారీ బల్లల మీదే. మూడో వారంలో, మిట్టమధ్యాహ్నం, ఉయ్యాల వేలాడదీసే ఇనప చట్రం మీంచి మా మరిది పడిపోయాడు. నడుముకి బెల్టు లేదు. పైకెక్కేవాళ్ళు పన్నెండు మంది, కంపెనీ ఇచ్చిన బెల్టులు నాలుగు.

"కునుకు పట్టింది వదినా. పడుతున్నట్టు కూడా తెలియలేదు," అన్నాడు ఆసుపత్రిలో, నా ముందు ఏదో తప్పు చేసినవాడిలా. నడుము కింద నుంచి ఇక ఆడదని డాక్టరు బయటికి పిలిచి చెప్పాడు. ఆ మాట వాడికి చెప్పే పని నామీద పడింది. విన్నాక వాడు అడిగింది ఒక్కటే, "ఉయ్యాల సరిగ్గా బిగించారా? సగంలో వదిలేశాను."

నెమలి చూడ్డానికి రాలేదు. జరీ రిబ్బను కట్టిన పెద్ద పళ్ళబుట్ట పంపాడు. అత్తయ్య దాన్ని తడిమి చూసింది.

"కాళ్ళు పోయినవాడికి కమలాపళ్ళా! బుట్ట ఖాళీ చేసి నడుచుకుంటూ పోయి తిరిగి ఇచ్చొస్తాడనుకున్నాడు కాబోలు."

ఆ పళ్ళు ఎవరం ముట్టలేదు. వారానికి మెత్తబడితే నేనే తీసి పారేశాను.

మరిదిని ఇంటికి తెచ్చిన మర్నాడు మేస్త్రీ వచ్చాడు. స్టేజీ ముఠాకి పెద్ద ఆయన. ముప్పై ఏళ్ళుగా చట్రాలు కడుతున్నాడు, అరచేతులు గుర్రపు డెక్కల్లా ఉంటాయి. వెనకాలే లైట్లవాళ్ళు, లారీలవాళ్ళు, జనరేటరు నడిపేవాళ్ళు. ముందు గదిలో చోటు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. పైకెక్కే ప్రతివాడికీ బెల్టు ఉండాలి, ఊరికీ ఊరికీ మధ్య ఒక రోజు నిద్ర ఉండాలి, మా మరిది వైద్యం కంపెనీ చూసుకోవాలి. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

"అడిగితే ఇవ్వరు. సీజను ఆఖరి ప్రదర్శన పాత నాటకశాలలో. టికెట్లు ఒక్కటి మిగల్లేదు. ఆ రోజు ఒక్కరం కూడా లోపల అడుగు పెట్టకూడదు," అన్నాడు మేస్త్రీ.

"వేరేవాళ్ళని దింపితే?" అన్నాడు లారీ డ్రైవరు ఒకడు.

"దింపనీ. నా బోర్డు మీద ఏ మీట ఏమిటో తెలియడానికే నెల పడుతుంది," అన్నాడు మా ఆయన. ఆ రోజు ఆయన ముఖంలో వెలుగు చూడాలి. తమ్ముడి మంచం పక్క గదిలో ఉంది. వాడికి వినపడాలనే గొంతు పెంచి మాట్లాడాడు. "లైట్లు లేవు, ఉయ్యాల లేదు, పాట వదిలేవాడు లేడు. నెమలి ఏం చేస్తాడు? పాడతాడా?"

అందరూ గొల్లుమన్నారు. పక్క గదిలోంచి మా మరిది నవ్వు కూడా వినపడింది. పడ్డాక వాడు నవ్వడం అదే మొదలు.

నేను టీ గ్లాసులు అందిస్తున్నాను. "ఒకవేళ పాడితే?" అన్నాను.

"పాడితే మరీ మంచిది. మన పని జనమే చేసిపెడతారు," అన్నాడు మా ఆయన. "ఈవిడకి జాలెక్కువ. ఈకలు కుట్టీ కుట్టీ కోకిలే అనుకుంటోంది."

మళ్ళీ నవ్వులు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగాడు.

"ఎందుకన్నావమ్మాయ్ ఆ మాట? నీకేమన్నా తెలుసా?"

మా ఆయన ఇంకా నవ్వు ముఖంతోనే నన్ను చూస్తున్నాడు. గోడ అవతల వాడు వింటున్నాడు.

"ఏం లేదు బాబాయ్. ఊరికే అన్నా," అన్నాను.

సమ్మె నోటీసు అందాక, ప్రదర్శనకి రెండు రోజుల ముందు, ఆఖరిసారి కొలతలు చూడ్డానికి వెళ్ళాను. మేం పని మానేది ప్రదర్శన రోజు నుంచి కదా, అప్పటిదాకా పని పనే. నెమలి రంగు లేని ముఖంతో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రంగు లేకపోతే అతను పోస్టాఫీసు గుమాస్తాలా ఉంటాడు.

"నువ్వు కూడా బయటే నిలబడతావా అక్కా?"

"నిలబడతాను సార్."

"నిలబడాలిలే." అన్నాడు. "మీ మరిది..."

"మంచంలో ఉన్నాడు సార్."

తల దించుకున్నాడు. కోటు తొడిగి హుక్కులు పెడుతున్నాను. మెల్లిగా అన్నాడు, "మేనేజరు భయపడ్డాడు. రేపు మీవాళ్ళని పిలిచి ఒప్పుకుందామంటున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, ప్రదర్శన పోతే పరువు పోతుంది."

నా చేతులు ఆగాయి. ఇంటికి ఎప్పుడు పోదామా, ఈ మాట ఎప్పుడు చెబుదామా అనిపించింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అన్నాడు. "నా గొంతు విన్నదానివి నువ్వొక్కదానివే. ఈ ఈకలూ లైట్లూ ఏమీ లేకుండా, ఊరికే నిలబడి పాడితే జనం కూచుంటారా?"

అద్దంలో నన్నే చూస్తున్నాడు. పరీక్ష రాసి, తప్పానో నెగ్గానో చెప్పమని అడిగేవాడి చూపు. లేచిపోతారు సార్ అంటే సరిపోయేది. అతను అడిగింది గొంతు గురించి. నేను కూడా గొంతు గురించే చెప్పాను.

"కూచుంటారు సార్."

మర్నాడు మేనేజరు మావాళ్ళెవరినీ పిలవలేదు.

పాత నాటకశాలవి రాతి గోడలు, ఏనుగు దూరేంత ఎత్తు తలుపులు. సాయంత్రం నాలుగు గంటలకి ప్రదర్శన. ఎండ ఇంకా నిప్పులు చెరుగుతోంది. జనరేటరు నడిపేవాళ్ళు మాతోనే ఉన్నారు కాబట్టి లోపల చల్లగాలి లేదు. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచిపెట్టారు. వీధికి ఇవతల నలభై మందిమి అట్టముక్కలు పట్టుకుని నిలబడ్డాం. టికెట్లు పట్టుకుని లోపలికి పోయేవాళ్ళు మమ్మల్ని ఒకసారి చూసి చూపు తిప్పుకున్నారు.

"అరగంట," అన్నాడు మా ఆయన గడియారం చూసి. "అరగంటలో కుర్చీలు విరిగే చప్పుడు వినకపోతే నా పేరు మార్చుకుంటా."

లోపల ఈలలు మొదలయ్యాయి. "లైట్లేవీ?" అని అరుపులు. కాళ్ళతో నేలని తన్నుతున్నారు. మావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. తరవాత ఎవరో నాటకశాల పాత పియానో మీద రెండు మెట్లు వాయించారు. అరుపులు ఆగలేదు. ఆ అరుపుల మధ్యే అతను మొదలుపెట్టాడు.

ఊరంతా గంతులేసే పాట అది. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, టీ కొట్ల దగ్గర చెవులు చిల్లులు పడేలా మోగే పాట. దాన్నే మెల్లిగా, ఒక్కో మాట ఆపి ఆపి పాడాడు. అది నిజానికి ఏడుపు పాటని అప్పుడు తెలిసింది. గొంతు పెద్దదేం కాదు. కానీ వీధి దాటి మా దగ్గరికి వచ్చేసరికి కూడా మాట చెదరలేదు. ఎవరో పక్కనే నిలబడి మనకొక్కరికే చెబుతున్నట్టుంది. లోపల అరుపులు సద్దుమణిగాయి. కాళ్ళ చప్పుడు ఆగింది. ఒక పసిబిడ్డ ఏడుపు వినపడి అదీ ఆగిపోయింది.

"టేపు," అన్నాడు లైట్లవాడు. "ఎవడో టేపు వేశాడు."

అందరం మా ఆయన వైపు చూశాం. బోర్డు ముందు కూర్చున్నప్పుడు వంచినట్టే తల ఎడమకి వంచి వింటున్నాడు. చేతిలో అట్టముక్క ఎప్పుడు కింద పెట్టాడో తెలియదు.

"టేపు కాదు. ఊపిరి వినపడుతోంది."



"హాలుని వాడుకుంటున్నాడు," అన్నాడు ఇంకాసేపటికి. ఎవరితోనో కాదు, తనలో తనే. "మాట వదులుతున్నాడు. అది రాతి గోడకి తగిలి వెనక్కొచ్చేదాకా ఆగి, దాని మీద ఇంకో మాట పెడుతున్నాడు." గాలిలో ఆయన రెండు వేళ్ళు లేచాయి. ముందు బోర్డు లేదు, మీట లేదు, అయినా పాట పైకి పోయినప్పుడల్లా వేళ్ళు మెల్లిగా పైకి జరుపుతున్నాడు.

మేస్త్రీ పేవ్‌మెంటు అంచు మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ళ మీద ఆ పెద్ద అరచేతులు బోర్లా పెట్టుకుని నావైపు ఒకసారి చూశాడు. ఏమీ అడగలేదు. నేను ఏడుస్తున్నాను. మా మరిది కాళ్ళ కోసమో, సమ్మె కోసమో ఏడ్చానంటే బాగుంటుంది. అందుకు కాదు. పాట బాగుంది.

గంటకు పైగా పాడాడు. ఒక్కడు లేచి బయటికి రాలేదు. పాట పాటకీ చప్పట్లు రేకుల కప్పు మీద వడగళ్ళలా పడ్డాయి. అంతా అయ్యాక జనం బయటికి వచ్చారు. గుడి నుంచి వచ్చినవాళ్ళలా మెల్లిగా మాట్లాడుకుంటున్నారు. కొందరి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా అట్టముక్కల పక్కనుంచే పోయారు. ఒక్కరూ చదవలేదు.

పేపర్లు ఎత్తుకున్నాయి. పన్నెండేళ్ళు అతన్ని ఈకల కోడి అని రాసిన విమర్శకుడే, చెంపలేసుకుంటున్నానని పేజీ నిండా రాశాడు. పక్కన నెమలి ఫొటో వేశారు. తెల్లచొక్కా, నల్ల పంట్లాం. హుక్కులు పెట్టేదాన్ని నేను లేను కదా, గుండీల చొక్కా వేసుకుని పాడాడు. ఫొటో కింద అతని మాటలు ఉన్నాయి. "సమ్మె చేసిన నా మిత్రులకి చేతులెత్తి దండం పెడుతున్నాను. వాళ్ళు పని మానకపోతే నా గొంతు ఎవరూ వినేవారు కాదు."

ఆ పేపరు ముక్క మేస్త్రీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మనసులో విషం ఉన్నవాడైతే ఇలా అనడు," అన్నాడు. "నిజంగానే దండం పెడుతున్నాడు. అదీ మన ఖర్మ."

పదిరోజులకి కంపెనీ నుంచి ఉత్తరాలొచ్చాయి. ఇకమీదట ఒక మనిషి, ఒక పియానో. పాత హాళ్ళు చూసి వాటిలోనే ప్రదర్శనలు. స్టేజీ లేదు, ఉయ్యాల లేదు, బోర్డు లేదు, నలభై మందితో అవసరమూ లేదు. ఎక్కడానికి చట్రమే లేకపోయాక బెల్టులెందుకు? మేం అడిగిన మొదటి కోరిక అలా తీరింది. ఇక ఎవరూ కింద పడరు.

ఉత్తరం వచ్చిన మర్నాడు నేను మరిది దుప్పట్లు మడత పెడుతుంటే మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళ నుంచి. ఆ రోజు అందరిలో..."

"అన్నావులే. నేనే నవ్వాను." వచ్చి పెట్టె మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "ఆరేళ్ళు ఆ మైకు నా చేతిలో ఉంది. జనానికి వినపడకుండా నా చెవికి మాత్రమే పెట్టుకుని వినే వీలుంది. ఒక్క మీట నొక్కితే చాలు, ఎవరికీ తెలిసేది కాదు. ఒక్కసారి, సరదాకైనా, విందామనిపించలేదు. లేదనే అనుకున్నా. లేనిదాన్ని వినడం దేనికని."

నేను దుప్పటి అంచులు కలుపుతూ నిలబడ్డాను. నెమలి నన్నేం అడిగాడో, నేనేం చెప్పానో అప్పుడు చెప్పాల్సింది. మంచం మీద మా మరిది కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడో లేదో తెలియదు. దుప్పటి మడిచి మంచం కాళ్ళ దగ్గర పెట్టాను. ఆ తరవాత చెప్పే సందర్భం రాలేదు.

తొలకరి పడుతుండగా నెమలి నుంచి కబురొచ్చింది. బట్టల గదిలోకి అడుగు పెడితే గుర్తుపట్టలేకపోయాను. ఈకల కోట్లు, అద్దాల పంట్లాలు పెట్టెల్లోకి ఎక్కేశాయి. కొయ్యకి ఆరు తెల్లచొక్కాలు వేలాడుతున్నాయి.

"రా అక్కా. కొత్త ఊళ్ళు మొదలవుతున్నాయి. బట్టలు చూసుకోవడానికి ఒక్క మనిషిని పెట్టుకోమన్నారు. నువ్వే కావాలన్నాను."

"మా ఆయన్ని కూడా..." అన్నాను.

"మైకే లేదు కదక్కా," అన్నాడు, నిజంగా బాధపడుతూ.

"మా మరిది వైద్యం సంగతి."

"మేనేజరుతో చెబుతాను. తప్పకుండా చెబుతాను." కొయ్య మీది చొక్కా తీసి నా చేతికిచ్చాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ రోజు మీవాళ్ళు అడిగినవి ఒప్పుకుందామనే అనుకున్నాం. కూచుంటారని నువ్వు అనబట్టే ధైర్యం వచ్చింది. నా జన్మలో మరిచిపోను. మీ ఆయనతో చెప్పావా, ఈ పుణ్యం నీదేనని?"

"చెప్పలేదు సార్."

"చెప్పు. సంతోషిస్తాడు. పాట తెలిసిన మనిషి."

అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకునైనా బతికేవాళ్ళం. మేనేజరుతో చెప్పాడో లేదో నాకు తెలియదు, వైద్యానికి మాత్రం ఎవరూ రాలేదు. ఆ చొక్కా మెడ దగ్గర కాస్త బిగువుగా ఉంది. విప్పి, పావు అంగుళం వదులు చేసి కుట్టి ఇచ్చాను. పనికి ఒప్పుకున్నాను.

ఇంట్లో ఆ మాట చెప్పాను. "ఎవరో ఒకరు పోవాలిగా," అంది అత్తయ్య. చమ్కీల డబ్బాలు తీసి అటక మీద పెట్టమంది. మా ఆయనకి బస్టాండులో లౌడ్‌స్పీకర్లు బాగుచేసే పని దొరికింది. ఏ బస్సు ఏ వరసలో ఆగుతుందో చెప్పే గొంతు జనానికి వినపడేలా చూడాలి. మేస్త్రీ మా ఊరే వదిలి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మా మరిదిని చూసి, మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసి, కిటికీలోంచి వీధి కనపడేలా అమర్చి వెళ్ళాడు. నాతో కుశలం అడిగాడు. ఇంకేమీ అడగలేదు.

వానలు ముదిరాక మొదటి ప్రదర్శన. పాత పుస్తకాల వాసన వేసే చిన్న హాలు. తెర పక్కన చేతిలో ఇంకో చొక్కా పట్టుకుని నిలబడి విన్నాను. నాటకశాలలో పాడినదానికన్నా బాగా పాడాడు. ఆ రోజు భయంతో పాడాడు, ఇవాళ భయం లేదు. ఒకచోట గొంతు పైకి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి దింపకుండా అలాగే సన్నం చేసుకుంటూ పోయి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆపాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. నా చేతిలో ఉన్న చొక్కా నలిగిపోయింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన భోజనానికి కూర్చుని ఉన్నాడు. బూట్లకి బస్టాండు బురద. పక్క గదిలో రేడియో సన్నగా మోగుతోంది. నేను చేతులు కడుక్కుని వచ్చి వడ్డించాను. రెండు ముద్దలు తిని, తల ఎత్తకుండా అడిగాడు.

"ఎలా పాడాడు?"

పక్క గదిలో రేడియో ఆగింది.

"ఏముంది," అన్నాను. "గొంతు పట్టేసింది. పై స్వరం అందక రెండుసార్లు మధ్యలో ఆగాడు. వెనక వరసలవాళ్ళు సగంలోనే లేచిపోయారు."

"అలాగా," అన్నాడు. ఇంకో ముద్ద కలిపాడు. నా కంఠంలో చిన్న తేడా వచ్చినా, పక్క వీధిలోంచి కూడా పట్టుకోగల చెవులు ఆయనవి.

"రేపు కూడా ఉందా?"

"ఉంది."

"రేపు కూడా విని చెప్పు," అన్నాడు, కంచంలోకి చూస్తూ.